పట్టకారు లేని ఇల్లు

మా ఇంట్లో పట్టకారు ఉండేది కాదు. దాని అవసరం రాలేదు. కుంపటి మీద పాలు పొంగినా, చారు మరిగినా నేను "ఏమండీ" అని ఒక్క కేక వేస్తే చాలు, మా ఆయన వచ్చి ఎడమచేతి వేళ్లతో గిన్నె అంచు పట్టుకుని, పూలసజ్జ దించినంత తేలిగ్గా కింద పెట్టేవారు. ఆ వేళ్ల చివర్లు కాయలు కాసి గోళ్లంత గట్టిగా ఉండేవి. ముప్ఫై ఏళ్లుగా ఫిడేలు తీగలూ గిటారు తీగలూ నొక్కిన వేళ్లవి. ఇంటికొచ్చిన చుట్టాలకు నేను దాన్నో విడ్డూరంగా చూపించి గొప్పలు పోయేదాన్ని. పొరుగింటి సుబ్బులమ్మగారు మాత్రం, "మా వారి చేతులు వంటింట్లోకి రమ్మన్నా రావమ్మా, నీ అదృష్టమే అదృష్టం" అని మూతి తిప్పుకునేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన ముందు రచ్చ గెలిచి, తీరిగ్గా ఇంటికొచ్చారు. పేరు అనంతపద్మనాభం. బందర్లో ఫిడేలు నేర్చుకుని, నాటకాల కంపెనీతో మద్రాసు వెళ్లి, అక్కణ్ణుంచి కలకత్తా చేరి, దొరలు డాన్సులాడే హోటల్లో బ్యాండులో కుదిరారు. సాయంత్రం టీ వేళ ఫిడేలు, రాత్రి భోజనాల వేళ గిటారు. యుద్ధం రోజుల్లో అమెరికా సోల్జర్లు పద్మనాభం పేరు కుదించి "ప్యాడీ, ఇంకోటి" అని కేకలేసి మరీ వాయించుకునేవాళ్లట. అత్తగారిని చూసుకుంటూ నేను బందర్లోనే ఉండేదాన్ని. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, ఆ జాజ్ అంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"అందరం ఒక పాట అనుకుంటాం జానకీ. తర్వాత ఎవడి దారిన వాడు పోతాడు. వీడు తప్పిపోయాడ్రా అనుకునేలోపు మళ్లీ అందరూ ఒకచోట కలుసుకుంటారు" అన్నారు.

"మన కచేరీల్లో ఒకే మాటను రకరకాలుగా తిప్పి పాడే నెరవులాంటిదేగా. దానికి కోటూ బూటూ దేనికి?" అన్నాను.

హోటలు వాళ్లు బ్యాండు తీసేశాక గిటారు భుజాన వేసుకుని గొడుగుపేటలో మా ఇంటికి వచ్చేశారు. బందర్లో జాజ్ ఎవరిక్కావాలి? గిటారు గోడెక్కింది. ఆయన భీమేశ్వరరావు దాసుగారి హరికథ పార్టీలో ఫిడేలు పక్కవాద్యానికి చేరారు. అన్నాళ్లూ నిలబడి, ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని వాయించిన మనిషి మళ్లీ చిన్నప్పటిలా బాసింపట్టు వేసుక్కూర్చుని, ఫిడేలు తల పాదానికి ఆనించి వాయించడం మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని వాయించేవారు. సీతమ్మవారు అశోకవనంలో శోకిస్తుంటే మధ్యలో కలకత్తా పలుకు ఒకటి జారిపోయేది. దాసుగారు చిడతలు ఆపి వెనక్కి తిరిగి, "సీతమ్మ లంకలో ఉంది నాయనా, కలకత్తాలో కాదు" అనేవారు. జనం పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వు కోసం మా ఆయన మరుసటి ఊళ్లో మళ్లీ జారవిడిచేవారు. అలా హాయిగా గడిచిపోతుండగా శుభకృతు నామ సంవత్సరం వచ్చింది.

ఉగాది వెళ్లి, శ్రీరామనవమి పందిళ్లు లేస్తున్న రోజులు. హరికథ పార్టీలకు అవే పంట రోజులు. ఆయన గుడివాడలో కథ ముగించుకుని పొద్దున్నే రైలు దిగి వచ్చారు. నేను కాఫీకి పాలు కాస్తున్నాను. పాలు పొంగాయి. నేను పిలవకముందే వచ్చి ఎడమచేత్తో గిన్నె అందుకున్నారు. వంగడంలో ఆసరాకి కుడిచెయ్యి కుంపటి అంచు మీద పెట్టారు. పెట్టి, గుడివాడ కబుర్లు చెబుతూనే ఉన్నారు.

"మృదంగం చిట్టిబాబు ఏం చేశాడో తెలుసా? కథ మధ్యలో కునుకు తీశాడు. తాళం మాత్రం తప్పలేదు. నిద్రలో కూడా..."

కమురు వాసన వచ్చింది. పాలు అడుగంటాయేమోనని గిన్నెలోకి చూశాను. పాలు బాగానే ఉన్నాయి.

"చెయ్యి తియ్యండి" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. "మీ చెయ్యి, కుడిచెయ్యి."

ఆయన చెయ్యి తీసి చూసుకున్నారు. చిటికెనవేలి కింద, అరచేతి అంచున చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది.

"అరె, చూసుకోలేదు" అన్నారు.

నిప్పు తగిలితే ఎవరైనా చూసుకుని చెయ్యి తీస్తారా? చెయ్యి దానంతటదే వెనక్కి రాదూ? ఎడమచెయ్యి అయితే నవ్వేసి ఊరుకునేదాన్ని. కుడిచేతికి కాయల్లేవు. వెన్న రాస్తూ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాను. మోచేతికి దిగువన పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. శోభి అనుకున్నాం. సుబ్బులమ్మగారు గంధకం కొబ్బరినూనెలో కలిపి రాయమంటే రాశాను కూడా. శోభి రెండు వారాల్లో పోవాలి. ఇది సంక్రాంతి నుంచీ ఉంది.

కోడూరులో మా పెద్దనాన్నకు ఇలాగే మచ్చతో మొదలైంది. ఊరివాళ్లు చేనిగట్టు అవతల పాక వేయించి ఆయన్ను అందులో ఉంచారు. మా పెద్దమ్మ వెంకాయమ్మ రోజూ అన్నం మూటకట్టుకెళ్లి గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. ఆయన వచ్చి తీసుకునేవాడు. మొగుడూ పెళ్లాలు ఆ దూరం నుంచే మాట్లాడుకునేవాళ్లు. చిన్నప్పుడు పెద్దమ్మ వెంట వెళ్లి కళ్లారా చూసినదాన్ని నేను. ఆ జబ్బును మా ఇంట్లో ఎవరూ కుష్టు అనేవాళ్లు కాదు. పెద్దరోగం అని, అదీ గొంతు తగ్గించి అనేవాళ్లు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన వసారాలో చాప వేసుకుని పడుకున్నారు. రైలు ప్రయాణం అలసట, వెంటనే కళ్లు మూతలు పడ్డాయి. నేను రవికలకు హుక్కులు కుట్టే సూది తీసుకుని పక్కన కూర్చున్నాను. కుడిచెయ్యి నా వైపే చాపి ఉంది. ముందు సూదిమొన ఊరికే తాకించాను. తర్వాత నొక్కాను. తర్వాత గుచ్చాను. మచ్చ మధ్య రక్తపు చుక్క ఉబికింది. ఆయన కదల్లేదు. కనుబొమ అయినా ముడిపడలేదు.

ఇంకోచోట గుచ్చి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కొంగుతో ఆ చుక్క తుడిచి, పెరట్లోకి వెళ్లి, గోలెం పక్కన కూలబడ్డాను. ఏడుపు రాలేదు.

ఆయన కోసం భయపడ్డాను, నా కోసమూ అంతే భయపడ్డాను. ఉన్న మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు. ఆ సాయంత్రం నుంచి ఆయన మంచినీళ్ల గ్లాసు వేరే గూట్లో పెట్టాను. తువ్వాళ్లు విడిగా ఉడకబెట్టాను. "ఉక్కపోస్తోంది" అని నా పక్క తలుపవతలికి లాక్కున్నాను. ఆయన ఏమీ అడగలేదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే గోడలకు చెవులుండే వీధి మాది. బయటికి పొక్కితే ఏ పందిట్లోనూ ఆయన్ను కూర్చోనివ్వరు. ఏ దాసుగారూ పక్కన పెట్టుకోరు. అంతకన్నా ముందు ఆ చెయ్యే ఆగిపోతుందేమో. ఫిడేలు లేని మా ఆయన ఎలా ఉంటారో నేను ఊహించుకోలేకపోయాను. మింగా లేక, కక్కా లేక ఆ నాలుగు రోజులూ గడిపాను.

నవమినాడు కథ కోడూరులో. పందిరి వేయించింది మా అన్నయ్య వెంకటరత్నం. పుట్టింటి కథకు రాకపోతే బాగుండదని నేనూ చల్లపల్లి మీదుగా బస్సులో పార్టీ వెంట వెళ్లాను. దీపాలు పెట్టే వేళకు పందిరంతా జనం. దాసుగారు సీతాకల్యాణం ఎత్తుకున్నారు. నేను ఆడవాళ్లలో కూర్చున్నాను. నా పక్కన పెద్దమ్మ కూర్చుంది. పెద్దనాన్న పోయి చాలా ఏళ్లయింది. చూపు కాస్త తగ్గినా ఆవిడ మనిషి గట్టిగానే ఉంది.

కథలో ఏం జరిగిందో నాకు తెలియదు. నా కళ్లు ఆయన కుడిచేతిని వదిలితేగా. ఆయన కూడా అటే చూస్తున్నారు. ఎప్పుడూ కళ్లు మూసుకు వాయించే మనిషి ఆ సాయంత్రం రెప్ప వేయకుండా ఫిడేలు మీద లాగే కమాను పట్టుకున్న వేళ్లకేసి చూస్తూ వాయిస్తున్నారు. అది దాసుగారి కంట పడనే పడింది.

"ఏం ఫిడేలు పంతులూ, కమానును దొంగలెత్తుకుపోతారనా కాపలా కాస్తున్నావు?"

జనం నవ్వారు. నవ్వు ఆగేలోపు కమాను ఆయన చేతిలోంచి జారి బల్లల మీద పడింది. చప్పుడు చిన్నదే. నాకు మాత్రం పందిరి కూలినట్టయింది. ఆయన వంగి తీసుకోబోయారు. చివరి రెండు వేళ్లూ ముడుచుకోలేదు. కమాను మళ్లీ జారింది. పందిట్లో ముందు వరస వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడాయన కమానును అక్కడే వదిలేశారు. ఫిడేలును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ తీగలు మీటడం మొదలుపెట్టారు. అచ్చం గిటారే. దాసుగారు ఒక్క క్షణం తెల్లబోయారు. అయినా వేదికల మీద తలపండిన మనిషి కదా, వెంటనే అందుకున్నారు.

"చూశారా అమ్మా, శివుడి విల్లు ఎత్తలేక రాజులంతా చతికిలబడ్డారు. మా పంతులు మర్యాదస్తుడు, వాళ్లకు తోడుగా తన విల్లు కూడా కింద పెట్టేశాడు" అన్నారు.

పందిరంతా చప్పట్లు. చిట్టిబాబు మృదంగం గొంతు తగ్గించి ఆ మీటుడు వెంట నడిపించాడు. సీతమ్మ కల్యాణం కలకత్తా హోటలు దారిలో కాసేపు తిరిగి, పెళ్లిపీటల దగ్గరికి క్షేమంగా చేరింది. ఎన్నడూ వినని వాద్యం విన్నామని జనం మురిసిపోయారు. నేను చప్పట్లు కొట్టలేదు. నా చెయ్యి పెద్దమ్మ చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

"మచ్చ ఉందా?" అంది పెద్దమ్మ, వేదిక మీంచి చూపు తిప్పకుండా.

తలూపాను.

"మీ పెద్దనాన్నకీ ముందు ఆ రెండు వేళ్లే పోయాయి. ఇప్పుడు బిళ్లలొచ్చాయిటే జానకీ. గుడివాడలో ధనుంజయరావని ఓ డాక్టరు చూస్తున్నాడు. కిందటేడు ఇక్కడికీ వచ్చాడు, ఇల్లిల్లూ తిరిగి చూశాడు. నేనడిగాను ఆయన్ని."

"ఏమని?"

"అది అంత తేలిగ్గా అంటుకుంటుందా నాయనా అని. అంటుకోదమ్మా అన్నాడు. అన్నం పెట్టినంత మాత్రాన, పక్కన కూచున్నంత మాత్రాన ఏమీ కాదన్నాడు." వేదిక మీద తలంబ్రాలు పోస్తున్నారు. "పన్నెండేళ్లు ఆ గట్టు మీదే నిలబడ్డానే. ఒక్కనాడూ దిగలేదు."

మర్నాడు పొద్దున కాలవ ఒడ్డున ఆయన ఒక్కరే కూర్చుని ఉంటే, కాఫీ తీసుకుని వెళ్లాను. ఒక్క గ్లాసే తీసుకెళ్లాను. నేను సగం తాగి మిగిలింది ఆయనకిచ్చాను. ఆయన గ్లాసుకేసి చూశారు, నాకేసి చూశారు. తాగలేదు.

"ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు జానకీ" అన్నారు.

నేను ఆయన ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

"కళ్లు సగం మూసుకుని ఉన్నాను. నీ చేతిలో సూది చూశాను. దిగడం చూశాను. ఇప్పుడు నొప్పేస్తుంది, ఇప్పుడేస్తుంది అని కాచుకుని ఉన్నాను. రాలేదు. నువ్వు రక్తం తుడుస్తుంటే కొంగు తగలడం కూడా తెలియలేదు." గ్లాసు ఇసకలో పెట్టారు. "కలకత్తాలో ఒంటరిగా జ్వరాలు పడ్డాను. ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. నువ్వు పక్క తీసేశావని కాదు. తీసెయ్యడమే మంచిదనుకున్నాను కూడా."

"కాఫీ చల్లారిపోతుంది, తాగండి" అన్నాను. పెద్దమ్మ చెప్పిన బిళ్లల సంగతీ, గుడివాడ డాక్టరు సంగతీ చెప్పాను. ఆయన తాగారు. అక్కణ్ణుంచి ఇంటికి రాకుండా తిన్నగా గుడివాడ వెళ్లాం.

ధనుంజయరావుగారు చిన్నవయసు మనిషి. కోడి ఈకతో తాకిస్తూ, సూదితో తడుతూ, మా ఆయన్ను కళ్లు మూసుకుని అవును కాదు చెప్పమన్నారు. కుడి మోచేతి వెనక నరం నొక్కి చూశారు. దాచకుండా చెప్పేశారు.

"కుష్టేనండి. మొదట్లో ఉంది, ఇంకొకరికి అంటుకునే రకం కాదు. బిళ్లలు మాత్రం ఏళ్ల తరబడి వాడాలి. మచ్చ ఇంకా పెరగదు. ఆ రెండు వేళ్లకు పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం నేను మాటివ్వలేను."

"ఎడమచెయ్యో?" అన్నారు మా ఆయన.

డాక్టరుగారు ఎడమచేతి వేళ్ల చివర్లు గుచ్చారు. దేనికీ జవాబు లేదు. అరచేతి అంచున గుచ్చితే మా ఆయన అవునన్నారు, మళ్లీ కాదన్నారు, గుచ్చనప్పుడు కూడా అవునన్నారు.

"మీరు భయంలో ఉన్నారు. పైగా ఇవి వాయిద్యగాళ్ల వేళ్లు, ఇవి నాకు నిజం చెప్పవు" అన్నారు డాక్టరుగారు. "ఈ ఎడమ మోచేతి నరం మీద నాకు కొంచెం అనుమానంగానే ఉంది. ఒక నెల తీగ ముట్టుకోకండి. కాయలు ఊడిపోయాక రండి, తేల్చేద్దాం."

కమాను పోతే మీటుకోవచ్చు, కోడూరులో చూశాను కదా. తీగ నొక్కే చెయ్యి పోతే ఏ దారీ లేదు. ఫిడేలు లేదు, గిటారు లేదు. రైల్లో వస్తూ ఇద్దరం ఆ మాటే అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

ఆ నెల మా ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పలేను. ఫిడేలు పెట్టె అటక మీద పెట్టించారు, చేతికి అందితే ముట్టుకుంటానేమోనని. భోజనం చేస్తూ పీట అంచు మీద వేళ్లు ఆడించేవారు, నేను చూస్తే ఆపేసేవారు. వైశాఖం ఎండలకు కాయలు ఉల్లిపొరల్లా లేచాయి. లోపలి చర్మం ఎర్రగా, పసిపిల్లల వేళ్లలా ఉంది. దాన్ని చూస్తే నాకు ఇంకా భయమేసేది. కాయ ఉన్నన్నాళ్లూ మొద్దుతనానికి కాయ మీద నెపం పెట్టుకున్నాం. ఇక నెపం లేదు.

దాసుగారు ఒకనాడు వచ్చి మంచం మీద కూర్చున్నారు. "తీగ తెగి వేలు కోసుకుందని ఊళ్లో చెప్పానమ్మా. తెగిందా లేదా అని నేనడగను. వేరే ఫిడేలును పెట్టుకోమంటున్నారు. కథ నడవదా ఏమిటి ఫిడేలు లేకపోతే? నడుస్తుంది, కుంటుకుంటూ" అని, బందరు లడ్డూల పొట్లం అక్కడ పెట్టి వెళ్లిపోయారు.

మళ్లీ గుడివాడ వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. ఇంట్లోనే ఓసారి సూదితో చూద్దామా అన్నాను.

"వద్దు. నువ్వు గుచ్చుతావని తెలిస్తే నేను అవునంటాను. నిజంగా అవునో, కావాలని అవునో నాకే తెలియదు" అన్నారు. అందుకని ఊరుకున్నాం.

బయల్దేరే రోజు పొద్దున కుంపటి మీద పాలు పెట్టి, మూటలో దారికి పులిహోర కట్టుకుంటున్నాను. నా ధ్యాసంతా డాక్టరుగారి సూది మీదే ఉంది. పాలు పొంగాయి. చేతికి పులిహోర అంటుకుని ఉంది. ఎన్నేళ్ల అలవాటో కదా, నోట్లోంచి "ఏమండీ" అని కేక వచ్చేసింది. ఆయనకూ అదే అలవాటు. పరధ్యానంగా వచ్చి, ఎడమచేత్తో గిన్నె అంచు పట్టుకున్నారు.

"అమ్మా" అని గిన్నె వదిలేశారు.

పాలన్నీ నేలపాలు. కుంపట్లో బొగ్గులు చుయ్యిమన్నాయి. ఆయన చెయ్యి విదిలిస్తూ, ఊదుకుంటూ వంటింటి మధ్య గిరగిరా తిరిగారు. ఉన్నట్టుండి ఆగిపోయారు. చెయ్యి మొహం ముందు పెట్టుకుని ఒక్కో వేలూ చూసుకున్నారు.

"చూపుడువేలు మండుతోంది" అన్నారు. "మధ్యవేలు మండుతోంది. ఉంగరంవేలు కూడా జానకీ." చిటికెనవేలిని బొటనవేలితో తాకి చూసుకున్నారు. "చిటికెనవేలు కూడా. బాగా మండుతోంది."

నేను ఆ పాలల్లోనే కూర్చుండిపోయి భోరున ఏడ్చాను. ఆయన పక్కనే చతికిలబడి, కాలిన చెయ్యి నా చేతిలో పెట్టి, "ఎంత మంటగా ఉందో తెలుసా" అని మళ్లీ మళ్లీ చెప్పారు. అంత సంతోషంగా ఎవరైనా కాలిన నొప్పి చెప్పుకోవడం నేను మళ్లీ వినలేదు. సుబ్బులమ్మగారు కేకలు విని గోడ మీంచి తొంగిచూసి, మొగుడూ పెళ్లాలు పాలల్లో కూర్చుని ఏడుస్తూ నవ్వుతుంటే చూసి, తల దించేసుకుంది.

డాక్టరుగారు కూడా చూసి, ఎడమచెయ్యి బాగానే ఉందన్నారు. కుడిచేతి రెండు వేళ్లకూ స్పర్శ తిరిగి రాలేదు. కమానుకు చిన్న గుడ్డపట్టీ కుట్టి, చిటికెనవేలు అందులో దూర్చుకునేలా చేసిచ్చాను. బిళ్లలు వేసుకుంటూ, ఆ పట్టీతోనే దాసుగారి పక్కన ఆయన ఇంకా చాలా ఏళ్లు వాయించారు. కళ్లు మాత్రం మళ్లీ మూసుకోలేదు. కమానుకేసి చూస్తూనే వాయించేవారు. కథ మధ్యలో ఎక్కడో ఒకచోట దాన్ని పక్కన పెట్టి, ఫిడేలు ఒళ్లో పెట్టుకుని మీటేవారు. కోడూరు మీటుడు అని దానికో పేరు కూడా వచ్చింది.

గుడివాడ నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే నేను కోనేరు సెంటరుకు వెళ్లి ఇనప పట్టకారు కొనుక్కొచ్చాను. తీగలు ముట్టుకున్నాక ఆయన వేళ్లకు మళ్లీ కాయలు కాశాయి, మునుపటికన్నా గట్టిగా. పాలు పొంగితే అలవాటుగా లేచి వచ్చేవారు. నేను రానివ్వలేదు.